నాన్న నా వెంట్రుకలు లాగి చూసిన ఏడాది

నా జుట్టును పాడుచేసింది ఇంకెవరో కాదు, నేనే. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా బోరు నీళ్ళని తిట్టాను, స్టీలు ప్లాంటు దుమ్మును తిట్టాను, షాంపూ తయారుచేసినవాళ్ళని తిట్టాను, స్కూటీ మీద వెళ్ళేటప్పుడు తలకి చుట్టుకునే స్కార్ఫ్‌ని కూడా వదల్లేదు.

నాకొక పార్లర్ ఉంది. భిలాయిలోని మరోదా పేటలో అమ్మానాన్నల ఇంటి ముందుగది అది. ఒక కుర్చీ, ఒక నిలువుటద్దం, ముగ్గురు ఇరుక్కుని కూర్చునే బెంచీ ఒకటి. నాన్న ప్లాంటులో రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు. పెళ్ళయ్యాక నేను నెహ్రూ నగర్‌లో ఉంటున్నా, పొద్దున వంట ముగించి స్కూటీ మీద ఇక్కడికే వస్తాను. మా ఆయనకి హథ్‌ఖోజ్‌లో ఇనుప సామాను చేసే చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఆయన పని ఆయనది, నా పని నాది.

కనుబొమ్మలు, ఫేషియల్, పెళ్ళికూతుళ్ళ అలంకారం, ఇవన్నీ బాగానే నడుస్తున్న రోజుల్లో రాయపూర్ వెళ్ళి రెండు రోజుల శిక్షణలో జుట్టు స్ట్రెయిటెనింగ్ నేర్చుకొచ్చాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాను. రాయించగానే జనం వస్తారా? నమూనా చూపించాలి. నడుం దాటిన ఒత్తు జుట్టు నాది, కాస్త వంకీలు తిరిగి ఉండేది. ముందు దాన్నే సాపు చేసుకున్నాను. పన్నెండు రోజులు వీధిలో ఎవరు కనబడినా ఆగి మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలకెక్కింది. పదమూడో రోజున దానిమీద బ్లీచ్ పెట్టి బెల్లం రంగు చారలు కూడా వేసుకున్నాను. రెండింటికీ మధ్య చాలా వ్యవధి ఉండాలని శిక్షణలో చెప్పారు. చెప్పిన సంగతి నాకు గుర్తుంది కూడా. మా అమ్మ పోలిక జుట్టు నాది, ఎంతకైనా తట్టుకుంటుందిలే అనుకున్నాను.

నెల తిరక్కుండా మొదలైంది. ఊడటం కాదు, విరగడం. ఊడిన వెంట్రుకకి కుదురు దగ్గర తెల్లటి చుక్క ఉంటుంది. నావి మధ్యకి తెగిన ముక్కలు. భుజాల మీద, వాష్ బేసిన్‌లో, ఒకసారి చపాతీ పిండిలో. చెవుల దగ్గర కుచ్చులు పైకి లేచి నిలబడ్డాయి. ఎంత దువ్వినా అణగవు.

ఒకరోజు ఒకావిడకి కనుబొమ్మలు తీస్తూ, మీ జుట్టు పొడిబారింది, హెయిర్ స్పా చేయించుకోండి అని మొదలుపెట్టాను. ఆవిడ అద్దంలోంచి నా తల వంక చూసి, "దీదీ, పహలే అప్నా తో ఠీక్ కర్ లో" అంది. ముందు నీది బాగుచేసుకో అని. ఎత్తిపొడుపుగా కూడా అనలేదు, మామూలుగా అంది. రెండో కనుబొమ్మ మీద నా దారం కాస్త గట్టిగానే ఆడిందని ఒప్పుకుంటాను.

ఆ తరవాత జుట్టు పని కోసం వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. మాట్లాడుకున్న పెళ్ళికూతుళ్ళిద్దరూ వేరేచోటికి వెళ్ళారు. కనుబొమ్మల వాళ్ళు మిగిలారు. దారం పట్టుకుని రోజంతా నలుగురి కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఒక ఆదివారం మరోదాలో అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు మెల్లగా అన్నాడు.

"ఎందుకే ఈ తిప్పలు? షెడ్డులో ఫోన్లు ఎత్తడానికి, బిల్లులు సూసుకోడానికి మనిషి కావాల. నువ్వొచ్చి కూకుంటే నాకూ ఆరామ్‌గా ఉంటాది."

జాలిపడుతున్నాడని అర్థమైంది. కోపం వస్తే నా నోరు నా మాట వినదు. "సరే, ఇయాల్టి నుంచి ఏడాది. ఏడాదికి నా జుట్టు బాగుపడకపోతే ఆ బోర్డు నానే దించేసి మీ షెడ్డుకొచ్చి కూకుంటాను" అన్నాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"రాసిస్తావేటి?" అని నవ్వాడాయన.

అమ్మ మజ్జిగ పోస్తూ ఆగిపోయింది. నాన్న తలెత్తలేదు, తింటూనే ఉన్నాడు. అన్నాక నాకు భయం వేసింది. చదువు మధ్యలో ఆగింది, ఉద్యోగం రాలేదు. నా చేత్తో నేను నిలబెట్టుకున్నది ఆ ఒక్క గదే. షెడ్డులో కూర్చోవడం తప్పేం కాదు, కానీ అక్కడ నేను ఆయనగారి భార్యని మాత్రమే. మరోదాలో నా పేరుతో పిలుస్తారు. ఆ గది పోతే నేను ఏమవుతానో నాకు తెలియలేదు.

ఇక పంతం పట్టాను. ఆ పంతంలో నేను చేసిన తప్పు భిలాయిలో పుట్టిపెరిగినవాళ్ళే చేస్తారేమో. మా ఊళ్ళో ఏ వస్తువునైనా మెచ్చుకోవాలంటే "గట్టిగా ఉంది" అంటాం. మంచం ఇనుముదే, తలుపు ఇనుముదే, తులసికోట చుట్టూ కంచె కూడా మిగిలిన కడ్డీలతో చేయించిందే. కొనేముందు వేలితో కొట్టి చూసి, మోగితేనే కొంటాం. అందుకని విరుగుతున్న జుట్టుని గట్టిపరచాలని నిశ్చయించుకున్నాను. వారానికి రెండుసార్లు ప్రోటీన్ ప్యాక్, మధ్యలో కోడిగుడ్డు. గిన్నె, బ్రష్, తలకి ప్లాస్టిక్ టోపీ. మా పిల్ల "అమ్మా, ఆమ్లెట్ వాసన" అని దూరం జరిగేది.

మూడు వారాలకి జుట్టు నిజంగానే గట్టిపడింది. పట్టుకుంటే చీపురు పుల్లల కట్టలా ఉండేది. నేను సంబరపడ్డాను. అమ్మ దువ్వుతుంటే టప్ టప్‌మని చప్పుడొచ్చేది. విరగడం తగ్గలేదు సరికదా రెట్టింపయింది.

ఒకరోజు నాన్న పేపరు కోసం ముందుగదిలోకి వచ్చాడు. కుర్చీ చేతి మీద ఆరేసిన తువ్వాలుకి నా వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఒకటి తీసి రెండు చేతులా లాగాడు. తెగింది. ఇంకోటి తీశాడు. అదీ తెగింది. పేపరు సంగతి మరిచిపోయి అలా ఏడెనిమిది లాగాడు.

నాన్న ఉద్యోగమంతా ప్లాంటు టెస్టింగ్ ల్యాబ్‌లో గడిచింది. ప్లాంటులో తయారైన ప్రతి ఇనుప మాలు నుంచీ ఒక ముక్క కోసి పంపిస్తారు. దాన్ని మెషీన్‌లో బిగించి తెగేదాకా లాగడం, ఎక్కడ తెగిందో, ఎంత సాగి తెగిందో రాయడం ఆయన పని. ఇంట్లో మాకు తెలిసింది అంతే. రోజూ ఇనుము విరగ్గొట్టి వస్తాడని చిన్నప్పుడు స్నేహితులకి గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆయన లోపలికి వెళ్ళి స్టీలు స్కేలూ, కాగితాలకి పెట్టే రెండు క్లిప్పులూ, గిన్నెలో నీళ్ళూ తెచ్చాడు. అమ్మని పిలిచాడు.

"నీ దువ్వెనలోది ఒక ఎంట్రుక ఇలగియ్యి."

"ఏటండీ, ఈ వయసులో ఈ సరదాలేటి?" అంది అమ్మ. అంటూనే తెచ్చిచ్చింది. అమ్మ జుట్టు పార్లర్ మొహం చూసి ఎరగదు. కూతురిదే అయినా సరే.

రెండు వెంట్రుకల్నీ నీళ్ళలో ముంచి, ఒక్కొక్కదాన్ని పది సెంటీమీటర్ల దూరంలో క్లిప్పులతో పట్టి, స్కేలు వెంబడి మెల్లగా లాగాడు.

"సూడమ్మా. మీ అమ్మది పదమూడు దాకా ఎల్లింది. వొదిల్తే మళ్ళా పదికొచ్చీసింది. నీది పది మీద గీత దాటనేదు, టప్పుమని తెగిపోనాది."

"గట్టిగానే ఉంది కద నాన్నా?"

"గట్టిగుంది. గాజు గూడా గట్టిదే. గట్టి ఏరు, బలం ఏరు. మా ల్యాబ్‌కి మంచి కడ్డీ వొచ్చిందనుకో, అది లాగితే సాగతాది. తెగేముందు నడుం కాడ సన్నబడతాది. అప్పుడుగానీ తెగదు. సాగకుండా తెగిందా, ఆ మాలు రిజెక్ట్."

"నేను మాలునా?" అని అరిచాను.

"నువ్వు కాదమ్మా, నీ ఎంట్రుక" అన్నాడు ఏమాత్రం తొణక్కుండా.

పదేళ్ళుగా పార్లర్ నడుపుతున్నదాన్ని. తడి వెంట్రుక సాగి వెనక్కి రావాలని బ్యూటీషియన్ కోర్సులో నేను చదివినదే. చదివింది పరీక్ష రాసి మరిచిపోయాను. కష్టం వచ్చేసరికి మా వీధి బుద్ధే పనిచేసింది, గట్టి చెయ్యడం ఒక్కటే తెలిసిన బుద్ధి. ప్రోటీన్ మోతాదు మించితే జుట్టు పెళుసెక్కుతుంది. మూడు వారాలపాటు నా తల మీద నేను చేసింది అదే.

తరవాతి ఆదివారం నుంచి నాన్న ఒక నోటుబుక్ పెట్టాడు. నా తలలోంచి మూడు వెంట్రుకలు కావాలనేవాడు. ఒకదానికి కుదురు వైపు, ఒకదానికి మధ్య, ఒకదానికి చివర లాగేవాడు. ఒక్క ముక్కతో ఏ మాలూ పాసవదట. అమ్మది పక్కన పెట్టి పోల్చేవాడు. "వారానికో ఎంట్రుక లాగీసుకుంటే నాకు మిగిలేదేటి?" అని అమ్మ సణుగుతూనే ఆదివారం పొద్దున దువ్వెన తెచ్చి ఆయన ముందు పెట్టేది.

గట్టితనం తప్పని తెలిశాక నేను రెండో వైపుకి దూకాను. మెత్తబడాలి, అంతే కదా. రోజూ నూనె, రోజూ కండిషనర్, గంటల తరబడి మాస్కులు. జుట్టు వెన్నలా జారేది. నెలన్నర తరవాత నాన్న లాగితే వెంట్రుక సాగుతూ పోయింది, పదిహేను దాకా. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆయన వదిలాడు. అది వెనక్కి రాలేదు. అలాగే వేలాడి, రెండోసారి ముట్టుకోగానే తెగింది.

"నానిన సేమియాలాగ అయిపోనాదమ్మా" అన్నాడు.

ఆ రోజు నాకు ఓపిక అయిపోయింది. క్లిప్పులు నేలకేసి కొట్టాను. ఇదంతా మీకు ఆటలా ఉంది, నా బతుకు పోతోంది అని ఏడ్చాను. నాన్న వంగి క్లిప్పులు ఏరుకున్నాడు. వాటిని తుడిచి స్కేలు పక్కన పెట్టి అన్నాడు.

"తెగిపోయిందాన్ని, సెడిపోయిందాన్ని ఏ మెషీనూ బాగు సెయ్యదమ్మా. ముప్పై యేళ్ళు సూసినాను. సెడిన మాలుని పక్కన పెట్టీసి, తరవాత వొచ్చేది సెడకుండా సూసుకోడమే."

జుట్టు మాస్కుల పొట్లాల మీద 'రిపేర్' అని రాసి ఉంటుంది. నేనే అమ్మేదాన్ని. తలలోంచి బయటికొచ్చిన వెంట్రుక ప్రాణం లేనిదని, దాన్ని కాస్త కాపాడగలమే తప్ప మళ్ళీ పుట్టించలేమని నాకు తెలియనిది కాదు. తెలిసీ పట్టుకుని వేలాడింది ఎందుకంటే, అది పొడుగ్గా ఉంది కనక. మిగిలినదాంట్లో సగానికి పైగా బ్లీచ్ తిన్నదే. అది ఉన్నన్నాళ్ళూ చిక్కులు పడి పైదాన్ని కూడా లాగి విరుస్తుంది.

మర్నాడు పొద్దున గది తలుపు మూసి, నా కుర్చీలో నేనే కూర్చుని, నా కత్తెరతో నేనే భుజాల దాకా కోసేసుకున్నాను. ఏడ్చాను, ఇందులో దాచేదేం లేదు. నేల మీద పడ్డ బెల్లం రంగు జుట్టుని ఊడ్చి ఎత్తుతుంటే మాత్రం విచిత్రంగా మెడ తేలికపడినట్టనిపించింది. సాయంత్రం మా ఆయన చూసి ఒక్కమాట కూడా పరిహాసమాడలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అక్కడినుంచి పని పద్ధతిగా సాగింది. నెలనెలా చివర్లు కత్తిరిస్తూ, బ్లీచ్ తిన్న పాత జుట్టుని ఏడాది లోపల పూర్తిగా వదిలించుకున్నాను. ప్రోటీన్ నెలకొక్కసారే. తలస్నానం చేసినప్పుడల్లా కండిషనర్ చివర్లకి, కొంచెమే. జుట్టు సాపుచేసే ఇస్త్రీ యంత్రాన్ని అటక మీదకి ఎక్కించేశాను. తువ్వాలుతో బరబరా తుడవడం మాని నాన్న పాత బనీనుతో అద్దుకునేదాన్ని. తడి జుట్టు ముడేసి స్కార్ఫ్ కట్టుకుని స్కూటీ ఎక్కడం నా పాత అలవాటు. అరగంట ముందు లేచి, ఆరాకే బయల్దేరడం మొదలుపెట్టాను. బోరు నీళ్ళకి బకెట్ల అంచున తెల్లటి పొర కడుతుంది. అందుకని ఆఖరి రెండు చెంబులూ ఫిల్టరు నీళ్ళు. ఆ నీళ్ళ డబ్బా మోసుకొచ్చి బాత్రూంలో పెట్టేది మా ఆయనే. పందెంలో అవతలి పక్షం మనిషి అయ్యుండి ఒక్క ఆదివారం కూడా మరిచిపోలేదు. "ఓడిపోయినాక నీళ్ళు నేవని వంక పెడతావని" అనేవాడు.

ఆరో నెలలో ఒక ఆదివారం కుదురు వైపు ముక్క పన్నెండున్నర దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నాన్న మళ్ళీ లాగాడు. మళ్ళీ వచ్చింది. పాస్ అంటాడేమోనని నేను నోటుబుక్ వైపు వంగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "మజ్జెదీ కొసదీ ఫెయిలే ఇంకా" అని రాసుకున్నాడు. కానీ అమ్మని కేకేసి పిలిచి మరీ మూడోసారి లాగి చూపించాడు.

వరండాలో మేం చేసే ఈ తతంగాన్ని వీధి అంతా చూసేది. ఒకసారి పక్కింటి కాలేజీ అమ్మాయి గేటు దగ్గర ఆగి, "అంకుల్, మేరా భీ దేఖియే నా" అంది, నాది కూడా చూడండి అని. రోజూ జుట్టుకి ఇస్త్రీ పెట్టుకుని కాలేజీకి వెళ్ళే పిల్ల. నాన్న లాగితే పదిన్నర దగ్గర తెగింది. ఆ పిల్ల మొహం వాడిపోయింది. నేను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఇదివరకైతే ఏదో ఒక పొట్లం అంటగట్టేదాన్ని. నా తల చూపించి, ఇది నేను చేసుకున్నదే అని మొదటినుంచీ చెప్పాను. చివర్లు కోసి, మూడు నెలలు ఇస్త్రీ ముట్టుకోవద్దన్నాను. ఆ పిల్ల నెలకి మళ్ళీ వచ్చింది, ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని. వాళ్ళకి ముందు టెస్ట్ కావాలి, తరవాతే కత్తెర.

బోర్డు మీద స్ట్రెయిటెనింగ్ అన్న మాట మీద నేనే రంగు పూసేశాను. అడిగినవాళ్ళకి కుదరదని చెప్పేదాన్ని. చెడగొట్టేది చెయ్యను, చెడిపోయిందాన్ని బాగుచేస్తానని అబద్ధం చెప్పను, ఉన్నదాన్ని నిలబెడతాను అనేదాన్ని. వ్యాపారం చేసేవాళ్ళు మాట్లాడే మాటలేనా అని అమ్మ నెత్తి కొట్టుకుంది. కానీ జనం వచ్చారు. దుర్గ్ నుంచి ఒక స్కూలు టీచరమ్మ వచ్చింది. కొత్తగా బిడ్డని కన్నవాళ్ళు వచ్చారు. నాన్న నోటుబుక్ చూసి, నేను దానికి జతగా ఇంకోటి కొన్నాను. క్లిప్పులు పట్టుకోవడం నేనే నేర్చుకున్నాను. నా చేతికి స్కేలు కూడా అక్కర్లేకుండా పోయింది. తడి వెంట్రుకని వేళ్ళ మధ్య లాగితే అది ఎంత దూరం వస్తుందో, తిరిగి వెళ్తుందో లేదో వేళ్ళకే తెలిసిపోయేది.

ఏడాది నిండిన రోజూ ఆదివారమే అయింది. నిజం చెప్పాలంటే నాకు ఆ తేదీ గుర్తేలేదు. కుర్చీలో ఒకరు, బెంచీ మీద ముగ్గురు, గోడకి ఆనుకుని ఇద్దరు. నాన్న స్కేలూ క్లిప్పులూ గిన్నే పట్టుకుని ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇప్పుడు కాదు నాన్నా, జనాలున్నారు."

"జనాలున్నప్పుడే సెయ్యాల" అని నా వెనక చేరి, నా చేతులు ఇంకొకరి తలలో ఉండగానే మూడు వెంట్రుకలు పుటుక్కున లాగేశాడు. బెంచీ మీద వాళ్ళు జరిగి చోటిచ్చారు. కుదురు ముక్క లాగాడు, రాసుకున్నాడు. మధ్య ముక్క లాగాడు, రాసుకున్నాడు. చివరి ముక్క దగ్గర బెంచీ మీదివాళ్ళు ముందుకి వంగారు. నేను కత్తెర ఆపి అద్దంలోంచి చూస్తున్నాను. అది పదమూడు దాటింది. ఆయన వదిలాడు. గీత మీదకి వచ్చి నిలబడింది.

"పాస్" అన్నాడు. నోటుబుక్‌లో రాసి మళ్ళీ అన్నాడు, "మూడుకి మూడూ పాస్." బెంచీ మీది ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఈల కూడా వేసింది. నా జీవితంలో నేను ఏ పరీక్షలోనూ అంత గట్టిగా పాసవలేదు. గెలిచాను అని నాకు నేనే పైకి అనుకున్నాను, అందరూ వింటుండగా.

అప్పుడే ఫోను మోగింది. మా ఆయన. షెడ్డులో మిషన్ల చప్పుడు వెనకనుంచి వినబడుతోంది.

"గడువు ఇయాలే కదా? మాట మీద నిలబడతావని నీ కోసం కుర్చీ కొనుంచినాను. సక్రాలది, మెత్తగుంటాది. ఎప్పుడొస్తన్నావు?"

ఏడాది కిందటి జాలి ఆ గొంతులో ఇంకా కాస్త మిగిలి ఉంది. నేను గది నాలుగు వైపులా చూశాను. గుమ్మంలోకి ఇంకెవరో ఒక పెద్దావిడ అప్పుడే వచ్చి, చోటు లేక చెప్పుల దగ్గరే ఆగింది.

"ఆ కుర్చీ ఇటు పంపించీయండి. ఇక్కడ మనుషులు నిల్చున్నారు" అన్నాను.

మిషన్ల చప్పుడుని మించి ఆయన నవ్వాడు, చాలాసేపు. గంటలో ట్రాలీ ఆటోలో కుర్చీతో పాటు ఆయనే వచ్చి దిగి, దాన్ని మోసుకుంటూ లోపలికి తెచ్చి బెంచీ పక్కన పెట్టాడు. దాని మీది ప్లాస్టిక్ కవరు చింపుదామని వంగేలోపలే, ఇందాకటి పెద్దావిడ వచ్చి అందులో కూర్చుని, కొప్పు విప్పుకోవడం మొదలుపెట్టింది.